దేవుని మడి

రెండో రోజు కూడా మార్తమ్మ గట్టు దిగలేదు.

తూము పక్కన, దేవుని మడి గట్టు మీద, కొంగు నెత్తిన కప్పుకొని మోకాళ్లు ముడుచుకొని కూర్చుంది. ఎదురుగా నాలుగడుగుల దూరంలో కొడుకు జోసఫ్ నిలబడ్డాడు. అతని వీపున సమితి ఆఫీసు నుంచి అడిగి తెచ్చుకున్న పిచికారి పంపు ఉంది. అందులో మందు నిన్న పొద్దున కలిపిందే. తల్లి లేవదు, కొడుకు కదలడు, మందు అలాగే ఉంది.

ఇద్దరి మధ్యా సద్దిగిన్నె పట్టుకొని నిలబడిన హన్నాను పట్టించుకున్నవాళ్లు లేరు. అత్తకూ మొగుడికీ మధ్య కోడలి బతుకు అడకత్తెరలో పోకచెక్క అంటారు. పోకచెక్కకైనా ఒక్క నొక్కుతో కష్టం తీరుతుంది. హన్నాకు నిన్నటి నుంచి నొక్కు మీద నొక్కు.

"అమ్మా, లే," అన్నాడు జోసఫ్. "గాలి లేదు, మొగులు లేదు. కొడితే ఇప్పుడే కొట్టాలె. జర పొద్దెక్కితే నాకు డ్యూటీ టైమయితది."

"పో మరి డ్యూటీకి."

"మరి మడి?"

"మడి నీది గాదు. దేవునిది."

జోసఫ్ పళ్లు కొరికాడు. ఆ మాట అతను చిన్నప్పటి నుంచి వింటున్నదే. నాచారం చెరువు కింద వాళ్లకున్నది ఎకరన్నర. మార్తమ్మ పెనిమిటి, కాలం చేసిన వెంకటయ్య, దొర దగ్గర జీతం చేసి చేసి, రాజ్యం మారాక సర్కారు పేదలకిచ్చే లావుని పట్టా కింద తెచ్చుకున్న నేల. తొమ్మిది మళ్లు. తూము నీళ్లు ముందుగా తడిపే మొదటి మడి దేవునికి రాసిచ్చినట్టే. కాగితం మీద కాదు, మనసులో. దాని పంట కోతల పండుగ నాడు గుడికి పోవాలి. అక్కడ వండి, సంఘమంతా వరసన కూర్చుని తినాలి. పండుగకు ముందు ఆ మడి మీద చెయ్యి పడకూడదు. ఒక్క గింజ నోట్లో వేసుకున్నా తప్పే. మార్తమ్మ ఈ మధ్య దానికి ఇంకో కట్టు కలిపింది. మందు వాసన తగిలిన గింజ బలిపీఠం మీద పెట్టనని.

"సూడు," అన్నాడు జోసఫ్, దిగువన ఉన్న ఎనిమిది మళ్ల వైపు చెయ్యి చాపి.

చూడనక్కర్లేదు. ఉప్పల్ రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా కనిపిస్తున్నాయి. పచ్చటి వరి మధ్యలో గుండ్రంగా, బండి చక్రాలు కాల్చి పెట్టినట్టు, మాడిన సుడులు. పోయిన వారం రెండు. ఇవాళ పదకొండు. కంకి పాలు పోసుకుంటున్న సమయంలో దోమ పట్టింది. మనుషులను కుట్టే దోమ కాదు, వరి మొదట్లో చేరి రసం పీల్చే దోమ. అది పట్టిన చోట పైరు నిలబడే ఎండిపోతుంది.

"మూడుసార్లు కొట్టిన. మూడుసార్లూ సచ్చింది. వారం తిరుగంగనే మళ్ల రెండింతలైతున్నది. ఎక్కడికెల్లి వస్తున్నదో నీకు సమజైతలేదా? ఎనిమిది మళ్లకు మందు వడ్డది, ఒక్క దీనికే పడలే. దోమకు పుట్టినిల్లు ఇదే. నువ్వు గట్టు మీద కావలి కూసున్నది దేవునికి గాదు, దోమకు."

మార్తమ్మ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఆమె పట్టు ముందు ఎవరి తర్కమైనా చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే.

"ఆదివారం బసవరాజు సారుకు మాట చెప్పాలె," అన్నాడు జోసఫ్, గొంతు తగ్గించి.

బసవరాజుకు మల్లాపూర్‌లో రేకుల ఫ్యాక్టరీ ఉంది, జోసఫ్ లేతు మిషన్ మీద పని చేసేది అక్కడే. గోదాముకు స్థలం కావాలని ఆయన ఈ ఎకరన్నర మీద ఏడాదిగా కన్నేసి ఉన్నాడు. ఈ పంట చేతికొస్తే భూమి ఉంటుంది, రాకపోతే ఇచ్చేస్తానని జోసఫ్ పోయిన ఆదివారం అన్నప్పుడు హన్నా అది కోపంలో అన్నమాట అనుకుంది. ఇప్పుడు అతని గొంతులో కోపం లేదు.

"ఇచ్చేస్తవా?" అన్నది మార్తమ్మ.

"ఏం జేయాలె మరి? పగలు లేతు మిషన్, పొద్దుమాపు మడి. నా రెక్కలు కాలినట్టయితున్నయి. నిన్న వర్క్‌షాపుల రేడియో చెప్పింది. లోకంల మనుషులు నాలుగు వందల కోట్లయితున్నరంట. నాలుగు వందల కోట్ల నోర్లు, అమ్మా. గా నోర్లకు బువ్వ ఎవడు పెట్టాలె? గుడికాడ ఒక్కపూట సంఘానికి పెడితే లోకానికి పెట్టినట్టా?"

నాలుగు వందల కోట్లు. హన్నా మెదక్‌లో మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది, కోటి పక్కన ఎన్ని సున్నాలో తెలుసు. కానీ సున్నాలకు ఆకలి కాదు. ఆమె చూసిన పెద్ద జనం నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో. ఆ నాలుగు వందల కోట్ల మందినీ ఒకరి పక్కన ఒకరిని బంతిలో కూర్చోబెడితే ఎక్కడి దాకా పోతుంది? ఉప్పల్ దాటి, నాగోల్ దాటి, మూసీ దాటి. ఆ బంతికి చివర లేదు. అందరి ముందూ విస్తరి ఉంది, విస్తరిలో ఏమీ లేదు.

"ఉమామహేశ్వర్ సారును అడుగుదం," అంది హన్నా.

తల్లీ కొడుకులు ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. రెండు రోజుల్లో వాళ్లు కలిసి చేసిన పని అదొక్కటే.

"గా సారే గద పొట్టి విత్తనం ఇచ్చింది. మందు రాసిచ్చింది గూడ ఆయనే. రేపు పొద్దుగాల వచ్చి సూడమందం. సారు కొట్టుమంటే కొట్టు. వద్దంటే వద్దు."

జోసఫ్ తల్లి వంక చూశాడు. ఒప్పుకోదనే అనుకున్నాడు.

"సారు కొట్టుమంటే లేస్త," అంది మార్తమ్మ. "గప్పటిదాంక గీ నీళ్లల్ల సుక్క పడొద్దు."

అన్నదే గాని, సద్దిగిన్నె అందుకోలేదు.

*

ఆ సాయంత్రం మార్తమ్మ గట్టు దిగి ఇంటికి వచ్చింది గాని, ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. నాలుగేళ్ల కూతురు విక్టోరియాకు కూడా ఏదో అర్థమైనట్టు, నాయనమ్మ ఒడిలోంచి నాన్న ఒడిలోకి ఒక్కసారి కూడా మారలేదు.

నిజం చెప్పాలంటే మార్తమ్మ కొత్తదనానికి శత్రువేమీ కాదు. నాలుగేళ్ల కిందట సారు పొట్టి వరి విత్తనం తెచ్చినప్పుడు వాడకట్టంతా నవ్వింది. మోకాలెత్తు పైరు పశువులకు గడ్డి కూడా పెట్టదన్నారు. మార్తమ్మ ఒక్కతే గుప్పెడు గింజలు కొంగులో పోసుకొని, విత్తనం దేవుడిచ్చిందే గదా అని నారు పోసింది. దేవుని మడిలో కూడా అదే వేసింది. కోత నాడు ఒక్క కంకి తెంపి, మధ్యాహ్నమంతా గడప మీద కూర్చుని గింజలు లెక్కపెట్టింది. రెండు వందలు దాటాక లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి కూడా తప్పింది. మూడోసారి లెక్కపెట్టకుండా కంకిని కళ్లకద్దుకొని ఏడ్చింది. చింతగింజలు ఉడకబెట్టుకొని తిన్న మనిషి ఆమె. ఆ ఏడుపు చూసి హన్నా కూడా ఏడ్చింది, ఎందుకో తెలియకుండానే.

అలాంటిది ఇప్పుడు తల్లి పొయ్యి దగ్గర, కొడుకు వాకిట్లో. హన్నా ఇద్దరికీ వడ్డించి తాను తినకుండా పడుకుంది.

*

తెల్లవారుతుండగా మెలకువ వచ్చేసరికి జోసఫ్ పక్కన లేడు, పంపు మూలన లేదు.

హన్నా చెప్పులు కూడా తొడుక్కోకుండా చెరువు కింది బాట పట్టింది. మాట తప్పాడా? సారు వచ్చేలోపు కొట్టేస్తే ఎవరేం చేస్తారు? తీరా చూస్తే జోసఫ్ రోడ్డు కల్వర్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. పంపు పక్కన పెట్టుకున్నాడు. నిన్న కబురు పెట్టిన సారు స్కూటరు కోసం చూస్తున్నాడు. అతను హన్నాను చూడలేదు, ఆమె పలకరించలేదు. మాట తప్పే మనిషని ఒక్క క్షణం అనుకున్నందుకు సిగ్గుపడి, పక్క గట్టు మీదుగా తూము వైపు నడిచింది.

దేవుని మడి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

మడి మీద ఎవరో తెల్లటి పలుచటి గుడ్డ పరిచినట్టుంది. సూర్యుడు అప్పుడే చెర్లపల్లి వైపు నుంచి వస్తున్నాడు. వంగి చూసింది. గుడ్డ కాదు, బూజు. ఆకు నుంచి ఆకుకు, దుబ్బు నుంచి దుబ్బుకు, మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా సాలెగూళ్లు. ప్రతి పోగు మీదా మంచు బొట్లు. ఎండ తగిలేసరికి ఒకటొకటిగా కాదు, మడి మొత్తం ఒక్కసారే వెలిగింది.

ఇల్లాలికి బూజు కనిపిస్తే చెయ్యి చీపురు వెతుకుతుంది. హన్నా చెయ్యి కూడా లేచింది. కానీ దులపలేకపోయింది.

నీళ్లలోకి దిగింది. పాదాల మీదుగా చిన్న చేపలు జారిపోయాయి. కప్ప ఒకటి కోపంగా పక్కకు దూకింది. ఒక దుబ్బు పిడికిట పట్టుకొని మొదలు దగ్గర ఆకులు విడదీసింది. దోమలు ఉన్నాయి. లేవని కాదు, గోధుమరంగువి, పదో పదిహేనో. వాటి మధ్యకు బూడిదరంగు సాలెపురుగు ఒకటి నీళ్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. గూడు కట్టే జాతి కాదు, పరుగెత్తి పట్టే జాతి. ఒక దోమను అందుకుంది. కాసేపాగి దాన్ని వదిలేసి రెండోదాన్ని అందుకుంది. హన్నా నడుము నొప్పి పుట్టేదాకా వంగి చూస్తూనే ఉంది. అయిదు అయ్యాయి.

పక్క దుబ్బులో ఇంకొకటి. దాని వీపు ఎందుకో గరుకుగా, ఉబ్బుగా ఉంది. మొహం దగ్గరగా పెట్టింది. వీపు కాదు, పిల్లలు. ఆవగింజంత కూడా లేని పిల్లలు, వందో ఏమో, తల్లి వీపంతా కరుచుకొని ఉన్నాయి. వాటిని మోసుకుంటూనే ఆ తల్లి దోమ వెంట పడింది.

ఎన్నేళ్లు ఈ మడిలో నాట్లు వేసింది, కలుపు తీసింది. ఒక్కనాడు చూడలేదు. చేను పండాలంటే మనిషి రెక్కలు, ఎద్దు రెక్కలు, ఆకాశం దయ కావాలనుకుంది. ఇక్కడ ఇంతమంది కూలీలు పిలవకుండా వచ్చి, కూలి అడగకుండా పని చేస్తున్నారు. వీళ్లను ఎవరు పెట్టారు? ఎవరు లెక్క చూస్తున్నారు? గుడిలో ఎన్నోసార్లు మోకరించిన హన్నాకు, గుడిలో ఎన్నడూ రానంత భయం లాంటి ఆనందం కలిగింది.

గట్టు దాటి రెండో మడిలోకి దిగింది. అక్కడ గూడు లేదు. చేప లేదు, కప్ప లేదు. దుబ్బు విడదీస్తే దోమలు పొట్టు రాలినట్టు రాలాయి. సాలెపురుగు కోసం ఇరవై దుబ్బులు వెతికింది. ఒక్కటి కూడా దొరకలేదు.

రోడ్డు మీద స్కూటరు ఆగిన చప్పుడయింది.

*

ఉమామహేశ్వర్ తెనాలి వైపు మనిషి. వరి పురుగుల మీద పని చేసే సర్కారు సైంటిస్టు. నాచారంలో అద్దెకుంటూ, పొలం కనిపిస్తే స్కూటరు ఆపకుండా ఉండలేని జబ్బున్నవాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, సంచిలోంచి తెల్ల పింగాణీ పళ్లెం తీశాడు. అప్పటికి మార్తమ్మ కూడా వచ్చి తన గట్టు మీద తాను కూర్చుంది.

"ముందు ఇక్కడ చూడండి సార్," అంది హన్నా. అని, తానే ముందు మాట్లాడినందుకు తల దించుకుంది.

సారు పళ్లెం దుబ్బు కింద పెట్టి, కాడలను రెండు దెబ్బలు కొట్టాడు. రాలినవాటిని లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు. మందు పడిన మళ్లలో పది దుబ్బులు అలాగే కొట్టాడు. దేవుని మడిలో పది. మళ్లీ మందు పడిన మళ్లకు వెళ్లి ఇంకో పది. చివరికి కాగితం మడిచి, గట్టు మీద, ప్యాంటుకు బురద అవుతుందని కూడా చూసుకోకుండా, మార్తమ్మ పక్కన కూలబడ్డాడు.

"ఏంది సారూ," అన్నాడు జోసఫ్. "కొట్టాల్నా?"

"మీ మళ్లలో దుబ్బుకు మూడు వందల దోమ ఉంది జోసఫ్. ఇరవై దుబ్బులకూ కలిపి సాలెపురుగులు రెండు. ఈ మడిలో దుబ్బుకు పన్నెండు దోమలు, సాలెపురుగులు తొమ్మిది."

"అంటే?"

"దోమ ఇక్కడి నుంచి మీ మళ్లలోకి రాలేదు. మీ మళ్లలోనే పుట్టింది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "దోమ గుడ్లు వరి కాడ లోపల పెడుతుంది. మందు అక్కడికి పోదు. పైనున్న దోమ చచ్చింది, దాన్ని తినే సాలెపురుగూ చచ్చింది. వారానికి గుడ్లు పొదిగాయి. ఈసారి తినేవాడు లేడు. మళ్లీ కొట్టారు. మళ్లీ అంతే."

"కొట్టుమన్నది మీరే గద సారూ."

"నేనే."

"కాయితం రాసిచ్చిన్రు. ఎన్ని సుక్కలు, ఎన్ని నీళ్లు, అన్నీ రాసిచ్చిన్రు. నేను ఒక్క సుక్క ఎక్కువ పోయలే, తక్కువ పోయలే."

"తెలుసు. మీరు తప్పు చెయ్యలేదు. ఆ కాగితం రాసేటప్పుడు నేను దోమను లెక్కపెట్టాను. దీన్ని లెక్కపెట్టలేదు." చేతి మీదికెక్కిన సాలెపురుగును ఆయన విదిలించలేదు. "పదకొండేళ్లుగా వరి పురుగులు చదువుతున్నాను. ఇలాంటి మడి నా కళ్లతో చూడలేదు మార్తమ్మగారూ. నాతో పని చేసేవాళ్లంతా వచ్చి ఇక్కడ మోకాళ్ల మీద కూర్చోవాలి."

"ఇది తూము కాడి మడి సారూ," అంది మార్తమ్మ. "దేవునికి తొలినీళ్లు. పైకెల్లి ఏ మడి నీళ్లూ దీంట్లకు రావు. గందుకే మందు తగల్లే."

జోసఫ్ నవ్వాడు. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"మంచిగనే ఉన్నది. దేవుడు గెలిచిండు, సాలెపురుగు గెలిచింది. నా ఎనిమిది మళ్లు? మందు వద్దంటరు. మరి నాలుగు వందల కోట్లకు గీ సాలెపురుగులు బువ్వ పెడతయా సారూ? పొట్టి వరి తెచ్చినప్పుడు మీరే అన్నరు, గిది లేకుంటే దేశం ఆకలితోటి సస్తదని."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. ఈ విత్తనం లేకుండా కుదరదు. ఈ విత్తనాన్ని ఇలా కాపాడటమూ కుదరదేమో. రెండూ ఎలా కలపాలో నాకు తెలియదు జోసఫ్. పుస్తకాల్లో ఇంకా రాయలేదు."

సర్కారు సారు తెలియదనడం వాళ్లు వినడం అదే మొదటిసారి.

"మీ ముందు రెండు దారులున్నాయి," అన్నాడాయన. "ఇంకా గట్టి మందుంది, అది కొట్టొచ్చు. సగం పంట దక్కితే దక్కవచ్చు, దక్కకపోతే పోవచ్చు. అది కొడితే మీ దిగువ పొలాలవాళ్ల చేపలు, ఆ నీళ్లు తాగే గొడ్లు కూడా ఆలోచించుకోవాలి. లేదంటే మందు మానేసి, పాత నీళ్లు తీసేసి, తూము నీళ్లు పెట్టి, సాలెపురుగు మీ మళ్లలోకి నడిచి వచ్చేదాకా ఆగాలి."

"ఎన్ని దినాలైతది?"

"నెల పడుతుంది."

"పైరు ఎన్ని దినాలుంటది?"

ఉమామహేశ్వర్ మాడిన సుడుల వైపు చూశాడు. "దోమ ఇలాగే పెరిగితే, పది రోజులు."

జోసఫ్ పంపు పట్టీ భుజానికి ఎక్కించుకున్నాడు. "గయితే ఆ గట్టి మందే రాసియ్యిన్రి సారూ."

సారు జేబులోంచి కలం తీశాడు. తీసి చేతిలోనే పట్టుకున్నాడు. హన్నా ఇంతసేపు చూసినదంతా, ఆ వెలుగంతా, పది రోజుల లెక్క ముందు చిన్నదైపోయింది.

"నడిస్తే నెల," అంది మార్తమ్మ. "మోస్తే?"

"ఏమిటండీ?"

"గవి నడుసుకుంట పోతే నెల అన్నరు. మనం మోసుకపోతే?"

సారు ఆమె వంక చూశాడు. "చేత్తో పట్టడం కుదరదమ్మా. పరుగెడతాయి. దుబ్బును బురదతో సహా తీసుకెళ్లి అక్కడ నాటితే, వాటితోపాటు వస్తాయేమో. చివరిసారి మందు కొట్టి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది దినాలు," అంది హన్నా.

"ఘాటు తగ్గి ఉంటుంది. బతకొచ్చు. బతుకుతాయని మాట ఇవ్వలేను. కానీ పాలకంకి మీద దుబ్బు పెకిలిస్తే ఆ కంకి గింజ పట్టదు. పది పదిహేను దుబ్బులతో పని కాదు. ఎనిమిది మళ్లకూ సరిపడా తీయాలంటే ఈ మడిలో చాలా భాగం పోతుంది."

మార్తమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని దేవుని మడిలోకి దిగింది. నడుము వంచి, ఒక దుబ్బు కింద రెండు చేతులూ పోనిచ్చి, పసిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు బురదతో సహా లేపింది.

హన్నా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పండుగ ఇంకా నెలన్నర ఉంది. ఆ మడి మీద పండుగకు ముందు చెయ్యి పడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. సంఘానికి ఏం చెబుతారు? పాస్టరుగారు అడిగితే?

"అమ్మా," అన్నాడు జోసఫ్.

అతని మొహం తెల్లబోయింది. పదేళ్ల కాపురంలో హన్నా అతని కోపం చూసింది, అలసట చూసింది, ఈ మొహం చూడలేదు.

"గా నాడు ఎందుకు పీకలేదే అమ్మా? రూతుకు?"

ఆ పేరు హన్నాకు కొత్త.

"రూతెవరు?" అంది హన్నా మెల్లగా.

"నా చెల్లె," అన్నాడు జోసఫ్, తల్లి మీంచి చూపు తిప్పకుండా. "కరువొచ్చిన ఏడాది. నాకు ఎనిమిదేండ్లు. అన్ని మళ్లు నెర్రెలిచ్చినయి. తూము కాడ ఊట ఉండె, గీ మడి ఒక్కటే పండింది. ఇంట్ల గంజికి గింజ లేదు. అమ్మకు పాలు లేవు. నాయన పండుగ దాక ఆగుదమన్నడు. పది దినాలే గద అన్నడు. అది ఆరో దినం పోయింది."

సారు తల వంచుకున్నాడు.

"పండుగ నాడు గీ మడి బియ్యమే గుడి కాడ వండిన్రు. నాకూ పెట్టిన్రు. నేను తిన్న. ఆకలి మీద ఉంటిని, మస్తు తిన్న." అతను తల్లి చేతుల్లోని దుబ్బు వంక చూశాడు. "ఇయ్యాల సాలెపురుగుల కోసం పీకుతున్నవ్. గా నాడు ఎందుకు పీకలేదే?"

బురద నీళ్లు మార్తమ్మ మోచేతుల మీదుగా కారుతున్నాయి. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"గా నాడు నాకు దేవుడంటే భయం ఉండె, బిడ్డా," అంది. "ఎరుక లేకుండె."

జోసఫ్ భుజాల మీది పట్టీలు ఒకటొకటిగా తీసి, పంపును కల్వర్టు దాకా మోసుకెళ్లి, నీళ్లకు దూరంగా రోడ్డు మీద పెట్టి వచ్చాడు. చొక్కా విప్పి గట్టు మీద పడేశాడు. చేతులు మోచేతుల దాకా తూము నీళ్లలో రుద్ది రుద్ది కడిగాడు. కడిగి, తల్లి ముందుకు వచ్చి దోసిలి పట్టాడు.

మార్తమ్మ దుబ్బును ఆ దోసిట్లో పెట్టింది.

అతను గట్టు దాటి రెండో మడిలోకి, మాడిన సుడి నడిమధ్యకు నడిచాడు. దుబ్బు కదిలితే ఎక్కడ రాలిపోతాయో అని ఊపిరి కూడా ఆచితూచి తీస్తూ నడిచాడు. వంగి, గుంట చేసి, నాటి, కాలి వేళ్లతో చుట్టూ బురద నొక్కాడు. అతని మణికట్టు మీద, పిల్లలను మోసుకున్న సాలెపురుగు ఒకటి మిగిలిపోయింది. దిగడం లేదు. నలుగురూ చూస్తున్నారు. అది అతని బొటనవేలి చివరి దాకా వచ్చి ఆగింది, నీళ్ల మీదికి దిగింది, ఎండిన కాడల మధ్యకు పరుగెత్తి కనిపించకుండా పోయింది.

బతికిందో లేదో తెలియదు. ఉమామహేశ్వర్ చేతి గడియారం చూసి, కాగితం మీద తేదీ, టైము వేసుకొని, కలం మూత పెట్టాడు.

జోసఫ్ వెనక్కి వచ్చి తల్లి ముందు మళ్లీ దోసిలి పట్టాడు.

"ఇంకోటి ఇయ్యి," అన్నాడు.